పాత లింకులు మళ్లీ పనిచేస్తున్నాయండి

కడియం నుంచి మన నర్సరీ పాత ఖాతాదారులందరికీ.

కొత్త వెబ్‌సైట్ వచ్చాక, వాట్సాప్‌లో దాచుకున్న లింకు నొక్కితే 404 (ఈ పేజీ లేదు) అని వస్తోందని, అంటుమామిడి ఎక్కడుందో తెలియట్లేదని మీలో చాలామంది ఫోన్ చేశారు. సైటు కట్టినవాళ్లు పేజీల అడ్రసులన్నీ మార్చేసి, పాతవాటి నుంచి కొత్తవాటికి దారి పెట్టలేదు. అడిగితే అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తామన్నారు. బంగినపల్లి అంటు కోసం వచ్చినవారు వీధి గుమ్మంలో నిలబడి మళ్లీ మొదట్నుంచీ వెతుక్కోవాలా? పైగా అలా సంబంధం లేకుండా హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ ఆ పాత పేజీని లేనట్టే లెక్కేస్తుంది. ఒప్పుకోలేదు. ఎక్సెల్‌లో ఒక గడిలో పాత అడ్రసు, పక్క గడిలో దానికి సరిపోయే కొత్తది రాసి, దేనికది 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కితే దానంతటదే కొత్త పేజీకి తీసుకెళ్లే శాశ్వత ఏర్పాటు) పెట్టించాం. అమ్మడం మానేసిన రకాలైతే దగ్గరి విభాగానికి వెళ్తాయి.

అసలు మల్లగుల్లాలు పడ్డది విభాగాల దగ్గర. వాళ్లిచ్చిన మెనూలో పొదలు, తీగలు, వృక్షాలు, ఇతరాలు అని ఉంది. మీరెప్పుడైనా "ఒక పొద ఇవ్వండి" అని అడిగారా? "బాల్కనీలో ఎండ పడదండీ, ఏది బతుకుతుంది?" అంటారు. అలాగని అంతా ఎండ, నీడ అని విడగొడితే కొబ్బరి తోట వేసే రైతు ఎక్కడికి వెళ్లాలి? "సెర్చ్ ఉందిగా, మెనూ ఎలా ఉంటే ఏముంది" అన్నారు సైటు కట్టినవాళ్లు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడట్లేదు. పేరు తెలియని మొక్కకు ఏమని టైపు చేస్తారండీ?

అందుకే మొక్కల పేర్లు చీటీల మీద రాసి నర్సరీకి వచ్చినవారి ముందు పోశాం. ఒకచోట ఉండాల్సినవి కుప్ప చేసి, ఆ కుప్పకు పేరు కూడా వారినే పెట్టమన్నాం. విరజాజి తీగే అయినా దాదాపు అందరూ పూలలోనే వేశారు. తర్వాత బొమ్మలేమీ లేకుండా విభాగాల పేర్లే చూపించి, "కరివేపాకు కావాలంటే ఏది నొక్కుతారు?" అని అడిగి సరిచూశాం. చివరికి నిలిచినవి: పూలు, పండ్లు, వంటింటి ఆకులు, నీడ మొక్కలు, తోటలకు, కుండీలు-మట్టి. "ఇతరాలు" తీసేశాం, అందులో పడ్డది ఎవరికీ దొరకదు. ఎండ, నీళ్లు, కవరు సైజు ఇప్పుడు ఫిల్టర్లలో ఉన్నాయి.

తమలపాకు రెండు విభాగాల్లో కనిపిస్తుంది, పేజీ మాత్రం ఒక్కటే. రెండు పేజీలుంటే ధర ఒకచోట మారి ఇంకోచోట పాతదే ఉండిపోతుంది. పేజీ పైన "పండ్లు › మామిడి › బంగినపల్లి" అని ఉంటుంది. "మామిడి" నొక్కితే సువర్ణరేఖ, చెరుకురసం అన్నీ వస్తాయి. సెర్చ్‌లో కరివేపాకు అని కొట్టినా, కరేపాకు అన్నా, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాసినా ఆ మొక్కే వస్తుంది.

ఇంకా ఏదైనా లింకు తెరుచుకోకపోతే స్క్రీన్‌షాట్ కాదు, ఆ లింకే పంపండి. స్క్రీన్‌షాట్‌లో అడ్రసు పూర్తిగా కనపడదు. ఇప్పటికే పెట్టిన ఆర్డర్లకు ఏ ఇబ్బందీ లేదు. ఈ విభాగాల పేర్లను మాత్రం ఇకపై ఏ డిజైనరు చెప్పినా మార్చం.