రొయ్యల కౌంటూ సగటే

సంపాదకులకు,

జూన్ 29 గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. 2007 నుంచి గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. బడిలో ఆయన పటానికి దండ పడుతుంది, మర్నాటి నుంచి మళ్లీ పాత పాటే: ‘కూడు, భాగించు’. సూత్రం నోటికొస్తుంది గానీ సగటంటే ఏమిటో తెలియదు. సూత్రం చివర్లో చెప్పాల్సింది.

ఐదుగురు పిల్లలకు 3, 7, 4, 9, 2 చొప్పున చింతపిక్కలివ్వండి. ఎక్కువున్నవాళ్లు లేనివాళ్లకిస్తూ సమానం చేసుకోవాలి. తలా 5 దగ్గర ఆగుతారు. దమ్ము చేసిన చేలో మెరక మట్టిని పల్లంలోకి లాగి చదును చేసినట్టే. మెరకల్లో ఎక్కువైంది 6 పిక్కలు, పల్లాల్లో తక్కువైందీ 6. ఇది కళ్లారా చూశాకే భాగహారం.

తర్వాత చిక్కు సున్నాతో. వారంలో రెండు రోజులే వాన పడింది, 12, 30 మి.మీ. అనుకుందాం. చాలామంది 42ని 2తో భాగించి 21 అంటారు. వాన పడని రోజులూ రోజులే కదా, 7తో భాగిస్తే 6. ఆ 6 మి.మీ. వాన ఏ రోజూ పడలేదన్న సంగతి వాళ్లంతట వాళ్లే కనిపెట్టాలి. ఈ వారానికి మధ్యగతమూ (వరుసలో నడిమి అంకె), బాహుళకమూ (ఎక్కువసార్లు వచ్చే అంకె) కూడా సున్నాయే. మధ్యగతం తీసేముందు అంకెల్ని వరుసలో పెట్టడం మరిచిపోతారు, అదొక్కటీ చూసుకోవాలి.

భీమవరం వైపు పిల్లలకు ఇంతకన్నా మంచి లెక్క ఇంట్లోనే వినిపిస్తుంది. 50 కౌంటంటే కిలోకు 50 రొయ్యలు, అంటే ఒక్కోటి సగటున 20 గ్రాములు. అందులో 15 గ్రాములవీ ఉంటాయి, 25వీ ఉంటాయి. చెరువులో ఒకే మూల వల విసిరి శాంపిల్ తీస్తే కౌంటు తప్పొచ్చు, అందుకే నాలుగైదు చోట్ల విసరాలి. నమూనా ఎలా తీయాలన్న పాఠం ఇదే.

అసలు మెలిక కలిపినప్పుడు. 50 కౌంటువి కిలో, 100 కౌంటువి కిలో కలిపితే 2 కిలోలకు 150 రొయ్యలు, 75 కౌంటు. అదే రెండు రకాలూ వందేసి రొయ్యలు కలిపితే? మొదటివి 2 కిలోలు, రెండోవి కిలో. 3 కిలోలకు 200, అంటే సుమారు 67 కౌంటు. పిల్లలు రెండుసార్లూ 75 అనే అంటారు, సగటులకు సగటు తీసేస్తారు కాబట్టి. వరిలోనూ అంతే: 4 ఎకరాల్లో ఎకరాకు 30 బస్తాలు, ఇంకో ఎకరంలో 40 పండితే సగటు 35 కాదు, 32.

సగటు పనికిరాని చోటూ చూపించాలి. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కు మూడోది. వారం సగటు తీసి లంక గ్రామాలవాళ్లను పడవలెక్కించరు.

పరీక్షలో అంకెలిచ్చి సగటు అడిగే బదులు, సగటు 6 వచ్చేలా ఐదు అంకెలు రాయమనండి, వాటిలో 6 ఉండకూడదని షరతు పెట్టి. ఒక్కొక్కరి జవాబు ఒక్కో రకంగా ఉంటుంది, దిద్దడానికి ఓపిక కావాలి. పక్కవాడి పేపర్లో చూసి రాస్తే మాత్రం ఇట్టే దొరికిపోతారు.

– ఒక లెక్కల మాస్టారు, భీమవరం