అమ్మలూ, నువ్వింకా చిన్నదానివే

అమ్మలూ,

నీకు ఐదేళ్లు. వచ్చే సంక్రాంతి వెళ్లాక ఆరు నిండుతాయి. ఈ లెక్క ముందే రాసి పెట్టేస్తున్నాను, ఎందుకంటే చిన్నోడు పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో, వీధిలో, ఆఖరికి స్కూల్ వ్యాన్ దగ్గర కూడా అందరూ నిన్ను పెద్దదాన్ని చేసేశారు. "అక్కవి కదా", "పెద్దదానివి కదా", "వాడు చిన్నవాడు, వాడికేం తెలుసు". నీకు మాత్రం ఏం తెలుసమ్మా. వాడు పుట్టిన రోజున నీకు నాలుగేళ్లు. ఆస్పత్రి వరండాలో మామయ్య ఒళ్లో నిద్రపోయావు, లేచేసరికి పెద్దదానివైపోయావు.

మొన్న స్నానం చేయిస్తుంటే నువ్వడిగిన మాట నన్ను వదలడం లేదు. వీపు రుద్దుతున్నాను, నువ్వు సబ్బు బుడగ ఊదుకుంటూ ఉన్నట్టుండి, "నాన్నా, నేను ఎప్పుడు పెద్దదాన్నయ్యాను?" అన్నావు. "ఇంకా అవలేదమ్మా" అన్నాను. "మరి నానమ్మ అంటోంది కదా" అన్నావు. నీకు చెప్పాల్సింది అక్కడే చెప్పాను గానీ స్నానాల గదిలో చెప్పిన మాట ఐదేళ్ల పిల్లకి ఎన్నాళ్లు గుర్తుంటుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదవడం బాగా వచ్చాక చదువుకో, ఇప్పుడైతే 'ఋ' ఒక్కటి రాయడానికే నీకు పేజీ చాలడం లేదు.

మన పొద్దుటి హడావుడి నీకు తర్వాత గుర్తుంటుందో లేదో. అమ్మ ఏడున్నరకల్లా గజపతినగరం బస్సు ఎక్కాలి, వాళ్ల బడి ప్రార్థన టైముకి అక్కడుండాలి. నేను మెడికల్ షాపు తియ్యడానికి తొమ్మిదిన్నర దాకా టైముంది కాబట్టి పొద్దున్న మీరిద్దరూ నా వాటా. నీకు జడలు నేనే వేస్తాను, రెండు జడలు, పైకి మడిచి నేవీ బ్లూ రిబ్బన్లు, పాపిడి తిన్నగా రావాలని నువ్వు అద్దంలో చూసి మరీ చెప్తావు. జడ వేస్తున్నంతసేపూ చిన్నోడు ఎదురుగా చతికిలబడి రెండో రిబ్బను నోట్లో పెట్టుకుని నములుతూ ఉంటాడు. తర్వాత నీ ఐడీ కార్డు మెళ్లో వేసుకుంటాడు. నీ బూటు ఒకటి తొడుక్కుని, ఆ కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లి "అక్కా టాటా" అని వాడే స్కూలుకి బయల్దేరిపోతాడు. నువ్వేమో ఒక బూటుతో కుర్చీలో కూచుని ఉంటావు, బయట వ్యాన్ హారన్ కొడుతూ ఉంటుంది, బూటు తీసుకుంటే వాడు ఏడుస్తాడు, తీసుకోకపోతే వ్యాన్ వెళ్లిపోతుంది, సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి నానమ్మ, "ఏటే గుంటా, తమ్ముడు కాదేటి, కాసేపు ఆడుకోనీ!"

అమ్మలూ, ఆ బూటు నీది. దాన్ని వాడి కాలి నుంచి తీసి నీకు తొడగడం నా పని. వాడు ఏడిస్తే ఎత్తుకోవడం కూడా నా పనే. వాడు ఏడుస్తాడేమో అని నువ్వు ఆలోచించక్కర్లేదు. ఏడుస్తాడు, రెండు నిమిషాలు, చోడి జావ గ్లాసు కనపడగానే మర్చిపోతాడు.

పోయిన వారం వాడు నీ తెలుగు నోటుపుస్తకం చింపేశాడు. 'ఋ' వరసలు నిండుగా రాసిన పేజీ, పక్కన టీచర్ ఎర్ర పెన్నుతో నక్షత్రం వేసిన పేజీ. సగానికి చిరిగి, చిరిగిన ముక్క వాడి పిడికిట్లో ఉండ అయిపోయింది. నేను గుమ్మంలో ఉన్నాను. నువ్వు ముందు పేజీ చూశావు, తర్వాత వాడి పిడికిలి చూశావు, తర్వాత నా మొహం చూశావు. కింది పెదవి వణుకుతోంది, ఏడుపు మాత్రం బయటికి రానివ్వడం లేదు. ఏడవచ్చా అని నా మొహంలో వెతుక్కుంటున్నావు. నాకు గుండె పిండేసినట్టయింది. ఐదేళ్ల పిల్ల ఏడవడానికి ఇంకొకళ్ల పర్మిషన్ కోసం చూడకూడదు. "ఏడువమ్మా, నీ పేజీ చిరిగింది కదా" అన్నాను. అప్పుడు ఏడిచావు, వీధి చివర కిరాణా కొట్టు దాకా వినపడేలా. చిన్నోడు బెదిరిపోయి ఆ ఉండ తెచ్చి నీ ఒళ్లో పడేశాడు. దాన్ని నేల మీద పెట్టి ఇద్దరం అరచేతుల్తో సాపు చేసి టేపు అతికించాం, నక్షత్రం కాస్త వంకర వచ్చింది.

శ్రావణంలో టీకాలకి వెళ్లిన రోజు కూడా ఇంతే. మన ప్రభుత్వ టీకాల పట్టికలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీ బూస్టర్ రెండుసార్లు ఉంటుంది, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, ఐదారేళ్ల మధ్య ఇంకొకటి. మీ ఇద్దరి వయసూ అలా కుదిరింది, వాడికి మొదటిది, నీకు రెండోది, ఒకే బుధవారం, ఒకే బెంచీ మీద. వాడికి తొడకి డీపీటీ, చేతికి తట్టు, రుబెల్లా రెండో డోసు. నీకు జబ్బకి ఒకటి. వాడు ఊరు ఊరంతా వినపడేలా అరిచాడు, అందరూ "అయ్యో అయ్యో" అన్నారు. నీ వంతు వచ్చేసరికి సిస్టర్ నవ్వుతూ "అక్క ఏడవదు, పెద్దది కదా" అంది, మంచి మనసుతోనే అంది పాపం. నువ్వు ఏడవలేదు. నా చొక్కా గుండీ పట్టుకుని ఎంత గట్టిగా లాగావంటే గుండీ ఊడొచ్చింది. వాడి తొడలో దిగిన మందే నీ జబ్బలోనూ దిగింది తల్లీ, వాడికి నొప్పెట్టినట్టే నీకూ పెడుతుంది. ఆ రాత్రి ఇద్దరికీ ఒళ్లు వెచ్చబడింది. ఇలాంటి టీకా తర్వాత ఒకట్రెండు రోజులు జ్వరం రావడం మామూలేనని, బరువుని బట్టి పారాసెటమాల్ సిరప్ పడితే సరిపోతుందని షాపుకి వచ్చే ప్రతి తల్లికీ చెప్పేవాణ్ణి నేను, అందుకని టెన్షన్ లేదు గానీ, వాణ్ణి అమ్మ భుజాన వేసుకుని తిప్పుతుంటే నువ్వు గోడ వైపు తిరిగి పడుకుని "నాకేం లేదు" అన్నావు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. నిన్ను భుజాన వేసుకుని నేను తిప్పాను. నీ కాళ్లు నా మోకాళ్ల దాకా వచ్చేశాయి, అయినా పదిహేను కేజీల పిల్లవి, నాకు బరువేంటి.

ఇంకో మాట. నీ సంచీ నిండా పుస్తకాలు చూసి ఈ పిల్ల ఎంత పెద్దదైపోయిందో అనుకునేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఒకటుంది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా అంతా ఒకే పునాది దశ అంటుంది, అంటే యూకేజీ, ఒకటి, రెండు తరగతులు కూడా అందులోవే, ఆటతో పాటలతో నేర్పాల్సిన వయసు అని. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటుంది. కాబట్టి జూన్‌లో నువ్వు ఒకటో తరగతికి వెళ్లినా పునాది ఇంకా పోస్తూనే ఉంటాం, ఎవరూ కంగారు పడక్కర్లేదు.

నానమ్మ మీద మాత్రం కోపం పెట్టుకోకు. నానమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. ఆరుగురిలో మొదటిది. వాళ్లమ్మ ఊడ్పులకి వెళ్తే చంకలో ఒక తమ్ముడు, పక్కన పరికిణీ పట్టుకుని ఒక చెల్లి, పొయ్యి మీద గంజి. మూడో తరగతి సగంలో ఉండగా బడి మానిపించేశారు, పిల్లల్ని చూసుకోడానికి మనిషి లేదని. ఇప్పటికీ ఆ తమ్ముళ్లు పండక్కి వచ్చి నానమ్మ చేతి పాకం గారెలు తిని, "మాయప్పే మాకు అమ్మ" అంటారు, అందరూ సంబరపడతారు, నానమ్మ కూడా నవ్వుతుంది. మొన్న రాత్రి మీరు పడుకున్నాక నేను మెల్లిగా, "అమ్మా, దాన్ని పెద్దదానివి పెద్దదానివి అనకమ్మా, అది పసిది" అన్నాను. నానమ్మ చేటలో మినప్పప్పు ఏరుతోంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తల ఎత్తకుండానే, "నన్నెవులన్నారురా చిన్నదాన్నని" అంది. నాకు నోట మాట రాలేదు. చేట పక్కన పెట్టి, "సర్లే, ఇంక అన్నులే" అని లేచి వెళ్లి నీకు దుప్పటి సర్ది పడుకుంది.

మర్నాడు పొద్దున్న మళ్లీ "ఏటే గుంటా" అని మొదలెట్టింది, అరవై ఏళ్ల అలవాటు ఒక రాత్రిలో పోతుందా. మొదలెట్టి, ఆగి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చిన్నోడి కాలి నుంచి బూటు తనే ఊడదీసి నీకిచ్చింది. నువ్వు గమనించావో లేదో, నేను చూశాను.

ఈ ఏడు మన విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజు నువ్వు వేసిన ప్రశ్న కూడా ఇక్కడ రాసి పెడతాను, లేకపోతే పోతుంది. దసరా వెళ్లిన మంగళవారం, మెయిన్ రోడ్డులో అత్తయ్యా వాళ్ల మేడ మీద ఉన్నాం మనం. ఊరేగింపులో ముందు పాలధార వెళ్లింది, తెల్ల ఏనుగు వెళ్లింది, అంజలి రథం వెళ్లింది, అప్పుడు సిరిమాను, అంత పొడుగు చింతమాను, దాని కొసన పూజారి, కింద జనం అరటిపళ్లు విసురుతున్నారు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుందని చెప్పాను, నువ్వు మూడూ చూడాల్సిందేనన్నావు. మధ్యలో ఖాళీ దొరికితే పైడితల్లి కథ అడిగావు. 1757లో బొబ్బిలి యుద్ధం, విజయనగరం రాజైన అన్నయ్య విజయరామరాజుని యుద్ధం వద్దని చెల్లెలు బతిమాలిందని, ఆయన తిరిగి రాలేదని, ఆ చెల్లెలే పెద్దచెరువులో దొరికిన అమ్మవారని మన ఊళ్లో చెప్పుకునేట్టు చెప్పాను. అంతా విని నువ్వు, "మరి వాళ్ల అమ్మానాన్న ఎక్కడున్నారు? వాళ్లు ఆపొచ్చు కదా, చెల్లి ఎందుకు ఆపాలి?" అన్నావు. అత్తయ్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నువ్వు అడిగింది నిజం. మీ ఇద్దరి మధ్య గొడవ వస్తే ఆపాల్సింది మేం.

ఇదంతా చదివి తమ్ముడి మీద నాన్నకి ప్రేమ లేదనుకుంటావేమో. వాడంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. వాడికి నువ్వంటే ఎంత పిచ్చో అది కూడా తెలుసు, 'నాన్న' కంటే ముందు 'అక్క' అన్నాడు, మూడున్నరకి వ్యాన్ మలుపు తిరుగుతుంటేనే గేటు ఊచలు పట్టుకుని ఎగురుతాడు. నువ్వు దిగీ దిగగానే వాణ్ణి కూచోబెట్టి ఆ రోజు టీచర్ చెప్పిందంతా చెప్తావు, ఎవరు కొట్టుకున్నారు, ఎవరి బాక్సులో ఏం తెచ్చారు, వాడు నోరు తెరుచుకుని వింటాడు. మొన్న మామయ్య భీమాళి తాండ్ర తెచ్చాడు. నీ ముక్క నీకిచ్చి, వాడికి పళ్లు ఇంకా పూర్తిగా రాలేదు, గొంతుకి అడ్డం పడుతుందని వాడికి పెట్టలేదు. కాసేపటికి చూస్తే నువ్వు నీ ముక్కని ముందు పళ్లతో గోరంత గోరంత కొరికి, వేళ్లతో మెత్తగా నలిపి వాడి నాలిక మీద పెడుతున్నావు. నీ కింది పన్ను ఊగుతోంది, దాంతో కొరకడం నీకే కష్టం. ఎవరూ ఇమ్మనలేదు. ఇదిగో, ఇలా నీకు ఇవ్వాలనిపించినప్పుడు ఇయ్యి. అనిపించకపోతే మానెయ్యి, నీ మీద నా ప్రేమ ఇసుమంత కూడా తగ్గదు.

నేనూ అమ్మా మాట్లాడుకుని రెండు అనుకున్నాం. రాత్రి అన్నం నీకు కూడా కలిపి ముద్దలు పెడతాం, "సొంతంగా తినాలి, పెద్దదానివి" అని ఎవరన్నా సరే, నువ్వు వద్దనేదాకా పెడతాం. అమ్మ పక్కన పడుకునేది కూడా ఇక నుంచి ఒక రాత్రి వాడు, ఒక రాత్రి నువ్వు. వాడు మొదట్లో గోల చేస్తాడు, నేను చూసుకుంటాను. ఆదివారం సాయంత్రం మాత్రం నువ్వూ నేనూ, ఇంకెవరూ ఉండరు. పోయిన వారం కోట దాకా వెళ్లి మూడు లాంతర్ల దగ్గర మొక్కజొన్న పొత్తు తిన్నాం. ఈసారి చింతపల్లి బీచ్ అంటున్నావు, బండి మీద అంత దూరమా అని అమ్మ ఇంకా ఆలోచిస్తోంది, నేను బస్సు టైములు కనుక్కుంటున్నాను.

మీ నాన్న