మార్టిన్సన్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

నోబెల్ బహుమతుల వివాదాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. స్వీడన్ కవి హారీ మార్టిన్సన్ గురించి అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. 1974లో, సాహిత్య నోబెల్ ఎవరికో తేల్చే స్వీడిష్ అకాడమీ, తన సభ్యులు ఇద్దరికే బహుమతి ఇచ్చుకుందని. అందులో తప్పేమీ లేదు. మార్టిన్సన్, ఆయనతో బహుమతి పంచుకున్న ఐవిండ్ జాన్సన్ ఇద్దరూ అకాడమీ సభ్యులే. గ్రాహం గ్రీన్, నబొకొవ్, సాల్ బెల్లో లాంటి పేరున్న రచయితలను కాదని ఇచ్చారన్న మాటా నిజమే. కానీ ఆ మనిషి గురించి తెలుగు పాఠకుడికి చెప్పాల్సింది అదొక్కటేనా అన్నదే నా బాధ. తెలుగు మాస్టారుగా పనిచేస్తూ పదకొండేళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్నవాణ్ణి. ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోయాను.

మార్టిన్సన్ 1904లో స్వీడన్ దక్షిణాన బ్లెకింగె ప్రాంతంలో పుట్టాడు. ఆరేళ్లకే తండ్రి క్షయతో పోయాడు. మరుసటి ఏడాది తల్లి పిల్లల్ని అక్కడే వదిలేసి అమెరికాలోని పోర్ట్‌లాండ్ వెళ్లిపోయింది. దిక్కులేని పిల్లల పోషణ ఊరి మీద పడితే అక్కడి పల్లెల్లో వేలంపాట పెట్టేవాళ్లు. మన వేలానికి అది తలకిందులు. ఎక్కువకు పాడినవాడికి కాదు, తక్కువకు పాడినవాడికే పిల్లాడు! ఎవరు తక్కువ డబ్బుకు తిండి పెడతామంటే ఆ రైతు ఇంటికి పంపేవాళ్లు. ఆ డబ్బు కన్నా ఎక్కువ పని ఆ పసివాడి చేత చేయించుకునేవాళ్లు. హారీ కూడా అలా ఊరి సొమ్ముతో ఇల్లిల్లూ మారుతూ పెరిగిన పిల్లాడే. పదహారేళ్లకు పారిపోయి ఓడ ఎక్కాడు. బొగ్గు వేసే పని చేస్తూ దేశాలు తిరిగాడు, బ్రెజిల్ చూశాడు, మన దేశానికీ వచ్చాడు. చివరికి ఊపిరితిత్తులు పాడై ఒడ్డుకు చేరాడు. కొన్నాళ్లు దేశదిమ్మరిగా కూడా బతికాడు. 1929లో మొదటి కవితా సంపుటి తెచ్చాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి 1949లో, బడి చదువు సరిగ్గా లేని ఆ కూలివాడు స్వీడిష్ అకాడమీ కుర్చీలో కూర్చున్నాడు.

తన బాల్యాన్ని ఆయన 1935లో నవలగా రాశాడు. పేరుకు తెలుగు చెప్పాలంటే ‘దురదగొండి పూసింది’ అనుకోవచ్చు. ముట్టుకుంటే మంట పెట్టే మొక్క, దానికీ ఓ పువ్వు. అందులో పిల్లాడి పేరు మార్టిన్.

ఒకసారి హాస్టల్లో స్టడీ అవర్‌లో కరెంటు పోతే ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ కథే చెప్పాను. మా ప్రాంతం సంగతి మీకు తెలుసు. ఇంటి పని కోసం కువైట్ వెళ్లిన తల్లులు ఊరూరా ఉన్నారు. వెనక వరుసలోంచి ఒకడు అడిగాడు: “సార్, వాళ్లమ్మ ఫోన్ చేసేదా?” అప్పుడు ఫోన్లు ఎక్కడివిరా, ఉత్తరాలే అన్నాను. “మరి ఉత్తరం రాసిందా సార్?” ఆ చీకట్లో నాకు వెంటనే మాట రాలేదు. ఎదురుచూసేవాడురా, అని మాత్రం అన్నాను. కరెంటు వచ్చాక చూస్తే వాడు నోటుబుక్కు చివరి పేజీలో ‘మార్టిన్’ అని రాసుకుని కింద గీత గీసుకున్నాడు. పుస్తకం కావాలన్నాడు. తెలుగులో ఏ గ్రంథాలయంలోనూ దొరకలేదు. నా దగ్గరున్న ఇంగ్లీషు ప్రతి చూస్తూ రోజుకు రెండు పేజీలు నోటితో తెలుగు చేసి చెప్పాను.

ఆయన మరో రచన ‘అనియారా’. 1953 వేసవిలో టెలిస్కోప్‌లో ఆండ్రోమెడా గెలాక్సీని చూశాడు. అప్పుడే హైడ్రోజన్ బాంబు వార్తలు. ఆ రెండూ కలిసి 1956లో 103 భాగాల కావ్యమయ్యాయి. అణుధార్మికతతో పాడైన భూమిని వదిలి 8000 మంది మార్స్‌కు బయల్దేరతారు. వాళ్ల అంతరిక్ష ఓడ దారి తప్పుతుంది. ఇక తిరిగి రాదు. అందులో ఒక ఖగోళ శాస్త్రవేత్త గాజు గిన్నెలో చిక్కుకున్న చిన్న గాలిబుడగను చూపిస్తాడు. ఆ బుడగ కూడా గాజులో కదులుతుందట, కంటికి కనపడనంత మెల్లగా. మన ఓడ ప్రయాణం కూడా ఇంతే అంటాడు. నేను చదివిన కవిత్వంలో ఇంత భయపెట్టిన పోలిక ఇంకొకటి లేదు. ఈ కావ్యం 1959లో ఆపెరా అయింది, 2018లో సినిమా కూడా వచ్చింది. స్వీడన్ వాళ్లు ఒక నక్షత్రానికి ఆ పేరే పెట్టుకున్నారు.

ఇక 1974 సంగతి. నోబెల్ ప్రశంసలో ఆయన రచనలు మంచుబొట్టును పట్టి విశ్వాన్ని చూపిస్తాయన్నారు. కానీ సొంత దేశంలోనే ఎగతాళి చేశారు. అసలే విమర్శ తట్టుకోలేని మనిషి. 1960లో వచ్చిన కవితా సంపుటిని విమర్శకులు తిడితే పదేళ్లకు పైగా కొత్త సంపుటి తేలేదు. 1978 ఫిబ్రవరి 11న స్టాక్‌హోమ్ ఆసుపత్రిలో ప్రాణం తీసుకున్నాడు. బహుమతి ఇచ్చిన తీరు మీద విమర్శ వద్దని నేను అనను. అది అకాడమీని అడగాల్సిన ప్రశ్న. దాన్ని ఒక మనిషి జీవితం మొత్తానికి చిరునామా చేయడమే తప్పు.

నేను కోరేది రెండే. మే 6 ఆయన పుట్టినరోజు. ఆ వారం ఆయన జీవితానికి మీ సాహిత్యం పేజీలో చోటివ్వండి. రెండోది ప్రభుత్వానికి, అకాడమీలకు. ఆ బాల్యపు నవలను తెలుగు చేయించి సంక్షేమ హాస్టళ్లకు, బాలసదనాలకు పంపించండి. బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికి ఇవ్వండి. అనువాదానికి ఎవరైనా పూనుకుంటే రాతప్రతి చదివి భాష దిద్దే పని నేను ఉచితంగా చేస్తాను. ఆ నోటి అనువాదంలో సగానికి పైగా నా దగ్గర రాసి ఉంది, అదీ ఇస్తాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, రాజంపేట