నా ల్యాండింగ్ చెడిన రోజు నుంచి నాతో ఉన్నవాళ్లకు

అందరికీ నమస్కారం. నిన్న మళ్లీ సోలో వెళ్లాను. మూడు సర్క్యూట్లు (లేచి, రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం), మూడు ల్యాండింగులు. ఒకటి కాస్త గట్టిగానే తగిలింది గానీ విమానం మళ్లీ పైకి లేవలేదు. ఈ మాట రాయడానికి నాకు ఏడు వారాలు పట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మహారాష్ట్రలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఆ రోజు సెస్నా 172లో ఒక్కదాన్నే దిగుతున్నాను. ఫైనల్లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగొచ్చే ఆఖరి దశలో, 65 నాట్లు ఉండాల్సిన స్పీడ్ 75 ఉంది. స్పీడ్ ఎక్కువైతే విమానం నేలకు దిగదు, రన్‌వే మీద తేలుతూ పోతుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారులో బలవంతంగా దించబోయాను. ముక్కు చక్రం ముందు తగిలి, విమానం బంతిలా లేచింది. యోక్ (విమానం స్టీరింగ్) ముందుకు తోశాను. ఇంకా గట్టిగా తగిలి, ఇంకా పైకి లేచింది. మూడోసారి ప్రొపెల్లర్ రన్‌వేకి కొట్టుకుని ఇంజిన్ ఆగిపోయింది. నాకు దెబ్బలేమీ తగల్లేదు.

నా వెనకే వస్తున్న విమానాన్ని గో అరౌండ్‌కి (దిగకుండా మళ్లీ పైకి వెళ్లిపోవడానికి) పంపి, ఏ తొందరా లేని గొంతుతో నాతో మాట్లాడిన టవర్ ఆఫీసర్ గారికి, పరుగున వచ్చిన ఫైర్ సిబ్బందికి దండాలు. ఆ రాత్రి నన్ను ఒక్క ప్రశ్నా అడగకుండా పప్పన్నం కలిపి పెట్టిన రూమ్మేట్స్‌కి కూడా.

అందరికంటే ఎక్కువ రుణపడింది మా ఇంజినీర్ సాబ్‌కి. మొదటిసారి లేవగానే ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ ప్రయత్నించానని రిపోర్టులో రాశాను. అబద్ధం కాదు, నాకు నిజంగా అలాగే గుర్తుంది. ఆయన నన్ను హ్యాంగర్‌కి తీసుకెళ్లి ప్రొపెల్లర్ చూపించారు. రెక్కల కొనలు వెనక్కి వంగి ఉన్నాయి. పవర్‌లో ఉండి తగిలితే మామూలుగా ముందుకు వంగుతాయట. "థ్రాటిల్ మూసే ఉంది బేటా" అన్నారు. అంటే నేను ఇంజిన్‌కి పవర్ ఇవ్వనేలేదు. అరగంట సేపు ఏడ్చి, రిపోర్ట్ మార్చి రాశాను. ఆయన ఆ మాట అనకపోతే నా చెయ్యి కదల్లేదని నాకెప్పటికీ తెలిసేది కాదు. క్రాంక్‌షాఫ్ట్‌లో పైకి కనపడని పగుళ్లు ఉండొచ్చని ఇంజిన్ మొత్తం విప్పి చూడాల్సి వచ్చింది. అంత పని పెట్టినా నన్నొక మాట అనలేదు.

తర్వాత ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ నాతో ల్యాండింగుల కంటే గో అరౌండ్‌లే ఎక్కువ చేయించారు. విమానం నేలకు తగిలి మళ్లీ ఎగిరితే ఆలోచన వద్దు: ఫుల్ థ్రాటిల్, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) 20 డిగ్రీలకి. నిద్రలో లేపి అడిగినా చెయ్యి ముందు కదిలేంత వరకు వదల్లేదు.

మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఫోన్లో ఆయన అడిగిన రెండో ప్రశ్న "స్పీడెంత?" డెబ్బై అయిదని చెప్తే, "అది మా బస్సు స్పీడే కదమ్మా" అన్నారు. నాటంటే గంటకి దాదాపు రెండు కిలోమీటర్లని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. లోన్ సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎత్తలేదు. థాంక్స్ నాన్నా.

నిన్న నేను దిగాక ఇంజినీర్ సాబ్ వచ్చారు. ప్రొపెల్లర్ కొనల్ని ఒకసారి తేరిపార చూసి, ఏమీ అనకుండా టీ తాగడానికి వెళ్లిపోయారు.