చిన్నాయన చేనుకు ఒక తడి

కువైట్,
ఆగస్టు నెల

తమ్ముడూ,

నేను బాగుండాను. మీరంతా బాగుండారని తలుస్తా. నాయన మోకాళ్ల నొప్పి ఎట్లుందో రాయి.

నీ ఫోను వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. శెనక్కాయకు ఊడలు దిగే సమయానికి వాన మొగం చాటేసింది. చిన్నాయన బోరు ఎండిపోయింది, మనదాంట్లో ఇంకా నీళ్లుండాయి. ఆయన నోరు తెరిచి అడగలేదు, చేని గట్టు తగాదాలో ఆయన అనిన మాటలు నేను మర్చిపోలేదు అని నువ్వంటివి. శెనక్కాయ ఊడ దిగి కాయ పట్టేటప్పుడు భూమిలో పదును లేకుంటే, చెట్టు పచ్చగా కనపడినా కింద కాయ ఉండదు. అది నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్క తడి ఇస్తే ఆ చేను బతుకుతుంది.

గట్టు తగాదాలో న్యాయం మనదే, ఇప్పుడూ అదే అంటా. అయినా న్యాయం వేరు, నీళ్లు వేరు.

మనిషి చెడ్డోడై పిడికిలి బిగిస్తాడని నేననుకోను. రేపు మనకు చాలవేమోనని భయం. ఏమీ లేనోడికి ఆ భయం తక్కువ, కొంచెం ఉన్నోడికే ఎక్కువ. నీ కోపం గట్టు మీదే అంటావు గానీ, మన బోరు ఎప్పుడు ఆగుతుందోనన్న దిగులు దాని అడుగున ఉందని నాకనిపిస్తాంది. ఆ దిగులు తప్పు కాదు. ఎంత లోతు దించినా దుమ్ము లేచిన బోర్లను చూసి పెరిగినోళ్లం. కానీ దిగులును కోపమని చెప్పుకుంటే అది తీరేది కాదురా.

ఈ దేశంలో ఒక్క నది లేదు. సముద్రం నీళ్లకు ఉప్పు తీసి తాగాల్సిందే. అట్లాంటిచోట ఇండ్ల ముందర చల్లనీళ్ల కూలర్ పెట్టి, దారినపోయేవాళ్లు ఎవరైనా తాగండని వదిలేస్తారు. చనిపోయిన అమ్మానాయనల పేరు మీద పెట్టేవాళ్లూ ఉండారు. జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు, ఎండ అట్లాంటిది. బండి ఆపి ఆ నీళ్లు తాగుతా. పెట్టినోళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకు తెలీదు. నా గుణం చూసి పెట్టిన నీళ్లు కావవి.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి జనానికి అన్నం పెట్టిన కథ జేజి చెప్పేది, గుర్తుందా? మనమేమో విక్టోరియా రాణి పంపిన బంగారు పతకం గురించే మళ్లీ మళ్లీ అడిగేవాళ్లం. జేజి అది ఒక్క ముక్కలో తేల్చేసి, ఎవరెవరు ఎంత దూరం నుంచి నడిచొచ్చి తిన్నారో చెప్పడానికే పొద్దు పుచ్చేది.

చిన్నాయన అడగడు. అడిగేదాకా నువ్వు ఆగొద్దు. మన చేను తడిసినాక స్ప్రింక్లర్ పైపులు అటు జరుపు. ఆయనతో మాట్లాడలేకపోతే చిన్నమ్మతో చెప్పు. గట్టు సంగతి పంట ఇంటికొచ్చినాక సర్వేయరును పిలిపించి కొలిపిద్దాం, ఖర్చు నేను పంపుతా. శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి గుడికి పోతే నాయనను కూడా పిలుచుకొని పో. మెట్ల కాడ చెయ్యి పట్టుకో.

ఇట్లు,
మీ అన్న