హత్య మళ్లీ తప్పిపోయింది రా

ఒరేయ్ శీనూ,

తిట్టుకో, పడతాను. నీ మెసేజ్‌లన్నీ చూస్తూనే ఉన్నా, రిహార్సల్స్‌తో తల ఎత్తడానికి లేకపోయింది. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చిన్నది స్కూల్లో కుదురుకుంది, అద్దె మళ్లీ పెంచారు. ఇంటి సంగతులు అంతే. ఇక అసలు సంగతి, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఇక్కడ ఇంగ్లండ్‌లో, కెంట్‌లో నాటకాల వాళ్లతో తిరుగుతున్నానని చెప్పాగా, ఈసారి 'ఆర్డెన్ ఆఫ్ ఫావర్‌షామ్' అనే పాత ఇంగ్లిష్ నాటకం వేశాం. నిజంగా జరిగిన హత్య. 1551 ఫిబ్రవరిలో, మాకు దగ్గర్లోనే ఉన్న ఫావర్‌షామ్‌లో, థామస్ ఆర్డెన్ అనే డబ్బున్న ఆసామిని పెళ్లాం ఆలిస్, ఆవిడ ప్రియుడు మోస్బీ కలిసి కిరాయి మనుషులతో చంపించారు. ఆ ఇల్లు ఆబీ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది, బయటినుంచి చూసొచ్చా.

కానీ చంపడం వీళ్లకి చేతకాదు రా! సూప్‌లో విషం కలిపితే ఆయన రుచి చూసి బాలేదని పక్కన పెట్టేస్తాడు. పొగమంచులో మాటేస్తే షేక్‌బ్యాగ్ అనే కిరాయివాడు వెళ్లి గోతిలో పడతాడు. రెండోవాడు బ్లాక్ విల్. వీళ్లిద్దర్నీ చూస్తే నీకెవరు గుర్తొస్తారో నాకు తెలుసు, గోడ దూకిన రాత్రి, పేర్లు రాయను.

లండన్‌లో సెయింట్ పాల్స్ దగ్గర ఒక సీను ఉంది. విల్ ఒక కొట్టు పక్కన పొంచి ఉంటాడు, కొట్టు కుర్రాడు షట్టర్ దించితే అది సరిగ్గా వీడి నెత్తిన పడుతుంది, ఆ గొడవలో ఆర్డెన్ హాయిగా వెళ్లిపోతాడు. మొదటి రోజు ఆ షట్టర్ బిగుసుకుపోయింది! కుర్రాడు లాగుతున్నాడు, విల్ తల కింద పెట్టి ఎదురుచూస్తున్నాడు, ఆర్డెన్ నడక తగ్గించి తగ్గించి చివరికి కొట్లో సరుకు బేరం చేస్తున్నట్టు నిలబడ్డాడు. హత్య ఎలాగూ తప్పిపోవాలి, ఆ తప్పడం కూడా తప్పిపోయింది. ఆఖరికి విల్ తనే వెళ్లి గుంజకి తల కొట్టుకుని కెవ్వుమన్నాడు. హాలంతా ఒకటే నవ్వు, నేను పక్కన నోట్లో కండువా కుక్కుకున్నా.

తర్వాత ఆలిస్, మోస్బీ పోట్లాడుకునే సీను. పాపం చేశామన్న భయం, ఒకళ్ల మీద ఒకళ్లకి అసహ్యం, అంతలోనే వదల్లేకపోవడం. ఆలిస్ ప్రార్థన పుస్తకం కాగితాలు చింపేస్తానంటుంది. సరిగ్గా అప్పుడు వెనకాల షట్టర్ ధడేల్‌మని పడింది. నా గుండె ఆగింది. ఆ అమ్మాయి అటు తిరిగి చూసింది, పుస్తకం గుండెలకి హత్తుకుంది, గొంతు తగ్గించి డైలాగ్ అందుకుంది. ఒక్కడూ నవ్వలేదు రా, ఒక్కడంటే ఒక్కడు.

ఈ సీనే షేక్‌స్పియర్ రాశాడంటారు. 1592లో అచ్చయినప్పుడు రచయిత పేరే లేదు, 1770లో ఫావర్‌షామ్‌లోనే ఉండే ఎడ్వర్డ్ జేకబ్ అనే ఆయన షేక్‌స్పియర్‌దే అన్నాడు, కాదు, ఆ కాలంవాడే ఇంకో నాటక రచయిత థామస్ కిడ్ అనేవాళ్లూ ఉన్నారు, 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ వాళ్లు షేక్‌స్పియర్‌కి ఇందులో వాటా ఉందని ఆయన రచనల్లో కలిపేశారు. మా డైరెక్టర్ పోస్టర్ మీద ఆయన పేరు పెద్దగా వేసి పక్కన ప్రశ్నార్థకం చిన్నగా పెట్టాడు, టికెట్ల కోసమే. నేనైతే ఇద్దరు రాశారంటే నమ్ముతా, కానీ ఆ గోతిలో పడే సీను రాసినవాడు తక్కువవాడని ఒప్పుకోను.

నా వేషం అడుగుతావు కదూ. నవ్వకు. మళ్లీ ఉత్తరం తెచ్చేవాడే! బ్రాడ్‌షా. హత్య సంగతి ఉన్న ఉత్తరం ఆలిస్‌కి తెస్తాడు, అందులో ఏముందో వాడికి తెలియదు, తెచ్చి ఇచ్చాడంతే. వీడికేం తెలియదని ఆలిస్ చెప్పినా ఉరే. ఇది కల్పన కాదు, ఆ కాలపు చరిత్రకారుడు హోలిన్‌షెడ్ రాసిన చరిత్రలోనూ ఉంది. చివర్లో 'శిక్ష వేసినవాడి తల మీదే నా నెత్తురు' అని అరిచి వెళ్లాలి, రోజూ ఆ మాట దగ్గర నాకు నిజంగానే కోపం వస్తోంది, మన రాజన్న మాస్టారి విషయంలో జరిగింది... సర్లే, అది వద్దు.

చివరికి పాచికలాడుతుండగా చంపి, శవాన్ని వెనక పొలంలో పడేస్తారు, మంచులో అడుగుల జాడలు పట్టిస్తాయి. శవం పడిన చోట రెండేళ్లకు పైగా గడ్డి మొలవలేదట, ఎందుకంటే ఆ పొలం నాటకంలో ఆర్డెన్ ఇంకొకడి దగ్గర లాక్కున్నది, వాడి శాపం ఉంది చూశావూ, అది... అమ్మో, స్కూలు వదిలే టైమైంది, చిన్నది గేటు దగ్గర ఏడుస్తుంది. ఆదివారం ఫోన్ చెయ్యి.

నీ
రవి