మహమ్మారి నేర్పిన పని ఫైలుకెక్కాలి

సంపాదకులకు,

కోవిడ్-19ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా పేర్కొంది. కొద్ది వారాల్లోనే ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు చదువులకు దూరమయ్యారు. ఆ రోజుల్లో హెడ్మాస్టర్లు, ప్రిన్సిపాళ్లు చేస్తూ చేస్తూ నేర్చుకున్న పని చాలాచోట్ల కాగితం మీద లేదు. వాళ్లు బదిలీ అయినా, రిటైరైనా అది వాళ్లతోనే పోతుంది. అలా పోనివ్వకూడదు.

ముందుగా ఫోన్ నంబర్లు. అడ్మిషన్ రిజిస్టర్‌లోవి ఏడాది తిరక్కుండానే మారిపోతాయి. కనీసం ఏడాదికి రెండుసార్లు సరిచూసి, ఫోన్ ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లల చేతికి ఏ వేళకు వస్తుంది, ఎందరికి అదొక్కటే ఆధారం అన్నవి కూడా రాసుకోవాలి. ‘ఫోన్ ఉందా?’ అని మాత్రమే అడిగితే లెక్క తప్పుతుంది. తండ్రి ఫోన్ తీసుకుని పనికి వెళ్లిపోతే పొద్దుటి లైవ్ క్లాసు ఆ పిల్లకు లేనట్టే. అలాంటి వాళ్లకు రికార్డు చేసిన చిన్న పాఠాలు, వారానికోసారి అచ్చు వర్క్‌షీట్లు అందాలి.

తల్లిదండ్రులకు పంపే నోటీసు ఎప్పుడూ ఒక్కరి సంతకంతోనే, నంబరు, తేదీ వేసి వెళ్లాలి. పాతది మారితే ‘ఫలానా నంబరు నోటీసు రద్దు’ అని కొత్తదానిలోనే చెప్పాలి. లేదంటే పాత నోటీసు స్క్రీన్‌షాట్లే తిరుగుతుంటాయి.

అన్నిటికన్నా తక్కువ పట్టించుకున్నది గాలి. బల్లలు తుడవడానికి పెట్టిన శ్రద్ధ కిటికీల మీద పెట్టలేదు. తరగతి నిండా పిల్లలున్నప్పుడు, పీరియడ్ ముగిసే ముందు కార్బన్ డయాక్సైడ్ కొలవాలి. అది మనం వదిలే ఊపిరిలో ఉంటుంది కాబట్టి, ఎక్కువగా ఉంటే గదిలో గాలి సరిగా మారడం లేదన్నట్టు. బయటి గాలిలో అది దాదాపు 420 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు). గదిలో 800 లోపుంటే గాలి బాగా మారుతున్నట్టే. 1500 దాటితే వెంటనే ఏదో ఒకటి చేయాలి. మీటరును కిటికీకీ, మనుషుల ముఖాలకూ దూరంగా, కూర్చున్నవాళ్ల తల ఎత్తులో పెట్టాలి. ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది) ఉన్నదే కొనాలి. కొన్ని చవక మీటర్లు ఇతర వాయువులను బట్టి అంచనా కడతాయి. పక్కన శానిటైజర్ రాసుకున్నా అంకె ఎగబాకుతుంది. ఇంకో మాట: గాలి శుద్ధి యంత్రం వైరస్‌ను వడకడుతుంది కానీ ఈ అంకెను తగ్గించదు. అంకె తగ్గలేదని దాన్ని ఆపేయకూడదు.

మూసిన భవనం తెరిచే ముందు ప్రతి కుళాయినీ తిప్పి నిలవ నీరు పోనివ్వాలి. అందులో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. బల్లలు, నేల తుడవడానికి వాడేది 5 శాతం బ్లీచ్ ద్రావణమైతే 1 వంతుకు 49 వంతుల నీళ్లు కలిపితే 0.1 శాతం అవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. బ్లీచ్ యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని సిబ్బందికి విడమరిచి చెప్పాలి.

సంస్థాధిపతే మంచాన పడితే? తాళాలు, పాస్‌వర్డులు, చెక్కుపై సంతకం చేసే అధికారం మరో ఇద్దరికైనా ఉండాలి. లేకపోతే జీతాలే ఆగిపోతాయి. రాత్రి ఫోన్లు ఎత్తే పని కూడా వంతులవారీగా జరగాలి. నిద్ర లేని మనిషి తీసుకునే నిర్ణయం పిల్లలందరి మీదా పడుతుంది. చనిపోయిన తల్లి లేదా తండ్రి నంబరును ఫీజు మెసేజీల జాబితా నుంచి అదే రోజు తీసేయాలి. ఆ బాధ్యత ఎవరిదో పేరు రాసి ఉండాలి.

ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి, ఛార్జి అప్పగించేటప్పుడు స్టాక్ రిజిస్టర్‌తో పాటు దానిపైనా సంతకం తీసుకునేలా విద్యాశాఖలు ఉత్తర్వులివ్వాలి.

– కొందరు ప్రధానోపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు